ప్రధాన సంఖ్యల నడుమ ఎడము



గణితమును గూర్చి రేడియోలో మాటాడుట కొంత సాహసమే. ఇచ్చట నల్లబల్ల లేదు, సుద్దముక్క లేదు. నా వ్రేలు ఎటు చూపుచున్నదో మీకు కానరాదు. కావున వీలున్నవారు ఒక కాగితమును, పెన్సిలును దగ్గర నుంచుకొనుడని వేడుచున్నాను.

1 చేతను తన చేతను తప్ప మఱి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను, అది 1 కంటె పెద్దదైనచో, ప్రధాన సంఖ్య యందురు. 2 మొదలు 100 వఱకు అంకెలు వ్రాయుడు. 2, 3, 5, 7 అను వానిని ఉంచి, వాని గుణిజముల నన్నిటిని కొట్టివేయుడు. మిగిలినవి 25. ఇవియే నూటిలోపలి ప్రధాన సంఖ్యలు. గ్రీకు పండితుడు ఎరటోస్తనీసు పేర వెలసిన ఈ పద్ధతిని జల్లెడ యందురు. ఇప్పుడు మిగిలిన వానిని పరికింపుడు. 11, 13, 17, 19, 71, 73 - ఇవి రెండేసి యెడముతో జంటలుగా నున్నవి. వీనికి కవలలని పేరు. నూటిలోపల ఇట్టి జంటలు 8 గలవు. మఱి 89 తరువాత 97 దాక ఒక్కటియు లేదు.

ప్రధాన సంఖ్యలకు అంతము లేదని యూక్లిడు ఏనాడో నిరూపించెను. అయినను పోను పోను అవి పలుచబడును. వేయి దాపున సగటు ఎడము సుమారు 7; పది లక్షల దాపున 14; నూఱు కోట్ల దాపున 21. సంఖ్య వేయి రెట్లయినప్పుడెల్ల సగటు ఎడము ఏడు చొప్పున పెరుగుచున్నది. ఈ పెరుగుదలకు అంతము లేదు.

ఇట్లు పలుచబడుచున్నను కవలలు ఎన్నటికిని వచ్చుచునే యుండునా? ఉండుననియే అందఱి నమ్మకము. పెద్ద సంఖ్యలలో వెదకినకొలది జంటలు దొరకుచున్నవి. కాని దొరకుట వేరు, నిరూపించుట వేరు. పోనిండు, ఎడము రెండే కానక్కఱలేదు. నూఱో, కోటియో, ఏదో యొక హద్దునకు లోబడిన జంటలైనను తఱిగిపోవని చెప్పగలమా? 2013 వఱకు అంతమాత్రమును నిరూపించినవారు లేకుండిరి.

ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో యీటాంగ్ జాంగ్ అను నతడు ఒక వ్యాసమును ప్రసిద్ధమైన గణిత పత్రికకు పంపెను. అతడు 1955లో షాంఘైలో పుట్టి, అమెరికాలో 1991లో డాక్టరు పట్టము పొందియు తగిన కొలువు దొరకక, కొంతకాలము ఒక రొట్టెల అంగడిలో లెక్కలు చూచినవాడు. 1999 నుండి న్యూ హాంప్‌షైరు విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పుచుండెను. 2012 జూలైలో కొలరాడోలో మిత్రుని పెరటిలో జింకల రాకకై వేచియుండగా జింకలు రాలేదు గాని, అతనికి మార్గము తోచినదట. పరీక్షకులు అయిదు వారములలోనే ఆ వ్యాసము సరియైనదని తేల్చిరి. అతడు చూపిన హద్దు 7 కోట్లు.

ఆ మాట మొదట విన్నప్పుడు నేనును నవ్వితిని. ఏడు కోట్ల యెడము కూడ ఒక దగ్గఱతనమేనా యని! పిమ్మట కాగితముపై లెక్క వేసికొంటిని. మూడు కోట్ల అంకెలుగల సంఖ్యల దాపునకు పోయినచో సగటు ఎడమే 7 కోట్లకు చేరువగును. అంతకంటె ముందునకు పోయినచో సగటు ఎంతయైనను కావచ్చును. అంత ఎడారిలో సయితము 7 కోట్లకు లోబడిన జంటలు అంతము లేక కానవచ్చునని అతని సిద్ధాంతము. నా నవ్వు అచ్చట ఆగినది.

ఇది ఎట్లు సాధ్యమయ్యెను? ఒక దువ్వెనను ఊహించుకొనుడు. దానిని సంఖ్యల బాటపై పెట్టి, జరుపుచు, పండ్లు ఎన్ని ప్రధాన సంఖ్యలపై పడినవో ప్రతి తావునను లెక్కింతము. సగటున ఒకటి కంటె ఎక్కువ పడినచో, ఎచ్చటనో రెండు పడియే యుండవలెను గదా! పండ్ల అమరికకు ఒక నియమము గలదు. 0, 2, 4 స్థానములలో మూడు పండ్లున్నచో ఎచ్చట పెట్టినను ఒకటి 3 యొక్క గుణిజముపై పడును. అందుచేతనే 3, 5, 7 వంటి త్రయము మరల రాదు. అట్టి చిక్కులు లేని దువ్వెన కావలెను. ఇక ప్రధాన సంఖ్యలు పలుచబడుచుండగా మామూలు సగటు చాలదు. ఆశ గల తావులకు ఎక్కువ తూకము, తక్కిన వానికి తక్కువ తూకము నిచ్చి సగటు తీయవలెను. అట్టి తూకమును 2005లో గోల్డ్‌స్టన్, పింట్జ్, యిల్దిరిమ్ అను మువ్వురు కనుగొనిరి. వారు ఒడ్డునకు వెండ్రుకవాసి దూరమున ఆగిపోయిరి.

కారణ మిది. 4 చేత భాగించినప్పుడు శేషము 1 వచ్చు ప్రధాన సంఖ్యలును, 3 వచ్చునవియు ఇంచుమించు సమానముగా పంచబడియున్నవి. భాజకము పెద్దదైనను పంపకము ఇట్లే సమముగా నుండునా? సగటున నుండునని, భాజకము వర్గమూలమునకు ఇంచుమించు చేరువగు వఱకు, 1965లో బొంబియేరి, వినోగ్రదోవ్ నిరూపించిరి. ఆ గోడ దాటిననే గాని మువ్వుర పద్ధతి ఫలింపదు. జాంగ్ అన్ని భాజకములను చేపట్టక, చిన్న కారణాంకములుగా విడిపోవు వానిని మాత్రమే గ్రహించి గోడ దాటెను. ఘాతములో చెప్పవలెనన్న, సగము మీద 584వ వంతు ముందునకు జరిగెను. అంతే! ఆ యిసుమంత జరుగుటకు ఫలముగా 35 లక్షల పండ్ల దువ్వెన పని చేసినది. దాని పొడవే 7 కోట్లకు లోబడినది.

తరువాతి కథ వేగముగా నడచినది. పలు దేశముల గణితజ్ఞులు కలసి పనిచేసి ఆ వేసవిలోనే హద్దును 4680 కి దింపిరి. నవంబరులో జేమ్స్ మేనార్డ్ తూకములనే వేఱు విధముగా కూర్చి 600 కి తెచ్చెను. ఇంచుమించు అదే యుపాయము టెరెన్స్ టావుకును వేఱుగా తోచినది. చిత్రమేమనగా, ఈ క్రొత్త త్రోవకు ఆ గోడ దాటవలసిన పనియే లేదు! 2014లో అందఱును కలసి 246 కి చేరిరి. నిరూపింపబడిన హద్దు నేటికిని అదియే.

246 నుండి 2 కి దిగుట లెక్క సవరించినంత సులువు కాదు. సంఖ్యకు ప్రధాన కారణాంకములు సరి సంఖ్యలో నున్నవో బేసి సంఖ్యలో నున్నవో ఈ జల్లెడ కనిపెట్టలేదు. పంపకమును గూర్చి మనము కోరుకొన్నదెల్ల నిజమేయని ఒప్పుకొన్నను, ఈ పద్ధతి 6 కడనే ఆగిపోవును. మీ కాగితముపై నున్న 71, 73 వంటి జంటలకు అంతము లేదని చూపుటకు మఱియొక జల్లెడ కావలసియున్నది. దాని నింకను ఎవరును అల్లలేదు.