బండి వెంట వేటకుక్క: పెంచేవారు తెలుసుకోవలసిన విషయాలు

మారికుప్పం పరిసరాలలోనూ, సరిహద్దుకు ఆవల కుప్పం వైపు పల్లెలలోనూ తోటకాపలాకు సన్నని నడుము, పొడవైన కాళ్లు గల వేటజాతి కుక్కలను పెంచే కుటుంబాలు ఉన్నవి. వీటిలో బాగల్‌కోట జిల్లాకు చెందిన ముధోల్ జాతి పేరెన్నికగన్నది. 2005లో భారత తపాలా శాఖ ఈ జాతి చిత్రంతో తపాలా బిళ్లను విడుదల చేసినది. ఇటువంటి కుక్కకు ప్రతిదినము వ్యాయామము తప్పనిసరి. అది లేనిచో కుక్క కొవ్వు పట్టును; లేదా గొలుసు తెంపుకొని పొరుగువారి మేకలపై పడును.

విదేశాలలో వేటకుక్కలను ఏటీవీ అనే నాలుగు చక్రాల చిన్న బండి వెంట నడిపించి దేహదారుఢ్యము కలిగిస్తారు. ఎగుడుదిగుడు నేలపైనా మెల్లగా సాగగలగడమే ఆ బండి ప్రయోజనము. మన పల్లెలలో ఆ పనికి మోపెడ్, మోటారు సైకిల్ వాడుతున్నారు. బండి ఏదైనా సూత్రమొక్కటే: బండి కుక్క వేగమునకు లోబడవలెను గాని, కుక్క బండి వేగమునకు లోబడరాదు. యజమాని ముందు సాగుచుండగా కుక్క అలసినా ఆగదు. అలసటను కనిపెట్టవలసిన బాధ్యత బండి నడిపేవానిదే.

వేగము, కాలము

ముధోల్ వంటి జాతులు కొద్ది దూరము మెరుపులా పరుగెత్తుటకు పుట్టినవి. వాటికి ఓర్పును క్రమంగా అలవాటు చేయవలెను. నడకకూ పరుగుకూ నడుమనుండే చిన్నపరుగు ఇందుకు శ్రేష్ఠము. అది గంటకు సుమారు 10 కిలోమీటర్లు. ఆ వేగము దాటి కుక్క దుముకుతూ పరుగెత్తవలసి వచ్చినచో బండి వేగము తగ్గించవలెను.

మొదటి రెండు వారాలు దినము విడిచి దినము 15 నిమిషాలు చాలును. అటుపైన వారానికి కొన్ని నిమిషాల చొప్పున పెంచుకొనుచు, రెండు మూడు నెలలలో ముప్పావు గంటకు చేర్చవచ్చును. ప్రతిసారి ముందూ వెనుకా ఐదేసి నిమిషాలు బండి లేకుండా నడిపించవలెను. ఏడాది నిండని పిల్లలను బండి వెంట పరుగెత్తించరాదు. వాటి ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ ఉండుటచేత కీళ్లు శాశ్వతంగా చెడును. పెద్ద జాతులకు ఏడాదిన్నర వరకు ఆగుట మేలు.

గొలుసును బండికి గాని, హ్యాండిల్‌కు గాని కట్టరాదు. కుక్క ఒక్కసారి పక్కకు లాగినచో మనిషీ కుక్కా ఇద్దరూ పడుదురు. గొలుసు చక్రములో చుట్టుకొనును. ఇద్దరు వెళ్లుట మంచిది: ఒకరు నడుపుచుండగా మరొకరు కుక్కను కనిపెట్టుచుండవలెను. మెడపట్టీ కన్న ఛాతీకి వేసే పట్టీ మేలు. తారు రోడ్డు కన్న చెరువు కట్ట, కోత ముగిసిన రాగి చేను కాళ్లకు హితము.

వేడి అనే శత్రువు

మనిషికి ఒళ్లంతా చెమట పట్టి వేడి దిగును. కుక్కకు అరికాళ్లలో తప్ప చెమట పట్టదు. అది నాలుక చాచి రొప్పుట ద్వారానే ఒంటి వేడిని దించుకొనును. దాని సహజ ఉష్ణోగ్రత 38 నుండి 39 డిగ్రీల సెల్సియస్. అది 41 డిగ్రీలు దాటినచో ప్రాణాపాయము. వేసవిలో వ్యాయామము ఉదయపు చల్లని వేళకే పరిమితము కావలెను. అరచేతి వెనుక భాగాన్ని నేలపై ఏడు సెకన్లు ఉంచి చూడవలెను. మనము ఓర్చుకోలేని నేలపై కుక్కను పరుగెత్తించరాదు.

ఆగకుండా రొప్పుట, చిక్కని చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, తడబడు నడక, వాంతి వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒంటినిండా చల్లని నీరు పోసి, విసరవలెను. తడి గోనెసంచి కప్పి వదలరాదు. అది వేడిని లోపలే నిలుపును. తెలివిలో ఉన్నచో కొద్దికొద్దిగా నీరు త్రాగించి, పశువైద్యశాలకు తీసుకొనిపోవలెను. తేరుకొన్నట్లు కనిపించినా మూత్రపిండాలకు కలిగిన హాని మరునాటికి గాని బయటపడకపోవచ్చును. పరుగు తరువాత మూత్రము టీ డికాషన్ రంగులో వచ్చినచో కండరాలు దెబ్బతిన్నవని గ్రహించి, అప్పుడు కూడా వైద్యుని చూడవలెను.

పరుగుకు మూడు గంటల ముందు, ముగిసిన తరువాత గంటసేపు కడుపునిండా మేత పెట్టరాదు. లోతైన ఛాతీ గల కుక్కలలో నిండు కడుపు మెలిపడి మరణము సంభవించవచ్చును.

మారికుప్పంలో ప్రత్యేక జాగ్రత్తలు

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతబడినవి. గనుల నుండి మిగిలిన సైనైడ్ దిబ్బలు నేటికీ ఉన్నవి. చదునుగా, ఖాళీగా ఉండుటచేత కుక్కలను తిప్పుటకు అవి అనువైనవిగా తోచును. కాని అక్కడి సన్నని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. దిబ్బల అడుగున నిలిచిన నీటిని కుక్క త్రాగకుండా చూడవలెను. ఇంటి నుండి నీటి సీసా తీసుకొని వెళ్లుట ఉత్తమము. పాత గని బావుల చుట్టుపక్కలకు పోనేరాదు.

మరొక అపాయము ఏనుగులు. కౌండిన్య అభయారణ్యము నుండి, కామసముద్రము వైపు అడవుల నుండి ఏనుగులు పొలాలకు వచ్చుట సరిహద్దు పల్లెలకు తెలిసినదే. ఏనుగును చూసి మొరిగిన కుక్క, అది తరిమినప్పుడు యజమాని వద్దకే పరుగెత్తి వచ్చును. వెనుకనే ఏనుగు వచ్చును. చల్లదనము కోసము తెల్లవారుజామున చీకటితో బయలుదేరుట ఈ కారణముగా ప్రమాదకరము. వెలుగు వచ్చి, దారి స్పష్టముగా కనిపించిన తరువాతనే బయలుదేరవలెను. ఏనుగులు దిగినవని అటవీశాఖ హెచ్చరించిన దినము వ్యాయామము మానుకొనుటయే వివేకము.

చట్టము

పూర్వము కుందేళ్ల వేటకు ఈ కుక్కలను వాడెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దృష్టిలో చంపుట మాత్రమే వేట కాదు. తరుముట, పట్టుట, అందుకు ప్రయత్నించుట కూడా వేటయే. కుక్కలను కుందేలు వెంట వదిలినవారు, అది తప్పించుకొన్నదను వాదముతో బయటపడలేరు. నేరానికి వాడిన వాహనాన్ని స్వాధీనము చేసుకొను అధికారము అధికారులకు కలదు. ఒక కుందేలు కోసము మోటారు సైకిల్ పోగొట్టుకొని, కోర్టు చుట్టూ తిరుగుట ఏ కుటుంబానికీ లాభము కాదు. జంతువును శక్తికి మించి నడిపించుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము కూడా నేరమే.

కనుక ఈ వ్యాయామము వేట కోసము కాక, కుక్క ఆరోగ్యము కోసము, తోటకాపలా కోసము అని ఇంటిలోని పిల్లలకు సైతము తెలియజెప్పవలెను. ఏటేటా రేబిస్ టీకా వేయించి, పరుగు ముగిసిన ప్రతిసారి కాలివేళ్ల సందులలో ముళ్లు, చెవులలో గోమార్లు వెదకి తీసివేసినచో కుక్క చిరకాలము ఇంటికి కాపలాగా నిలుచును.