దోనెకు వాననీటి గండం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మెండోటా అనే సరస్సు ఉంది. 2021లో దాని అడుగు నుంచి ఒక దోనెను పైకి తీశారు. ఒకే ఓక్ దుంగను తొలిచి చేసిన ఆ దోనె వయసు సుమారు 1,200 ఏళ్లు. మరుసటి ఏడాది అక్కడే ఇంకొకటి దొరికింది. దానికి 3,000 ఏళ్లు. పెరట్లో పాతిన కర్ర కొన్ని వానాకాలాలకే నేల దగ్గర పుచ్చిపోతుంది. మరి ఇన్ని వందల ఏళ్లు నీటి అడుగున పడున్న చెక్క ఎలా నిలిచింది?

చెక్కను కుళ్లబెట్టేది నీరు కాదు, శిలీంధ్రం. దానికి తడి ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. చెక్కలో తేమ 20 శాతానికి లోబడి ఉంటే అది పెరగదు. చెక్క పూర్తిగా మునిగి, లోపలి సందులన్నీ నీటితో నిండిపోయినా ఆక్సిజన్ అందక పెరగదు. చేటంతా ఈ రెంటికీ నడుమ, ఆరీ ఆరని తడిలోనే ఉంది. అందుకే సరస్సులో తిరిగే దోనె కంటే గట్టున వెల్లకిలా పడేసిన దోనె త్వరగా చెడుతుంది. వాననీరు లోపల నిలుస్తుంది, మొనలు బురదలోని తడిని పీల్చుకుంటాయి, పైనుంచి గాలి తగులుతూనే ఉంటుంది.

మంచు కురిసే ఆ ప్రాంతాల్లో చలికాలం రాగానే దోనెలను కావాలనే నీట ముంచి దాచేవారని పరిశోధకుల అభిప్రాయం. అలా చేస్తే చెక్క గడ్డకట్టి చిట్లదు, ఎండి వంకర తిరగదు. ఎంత ఆలోచించి చేసిన పనో! అయితే ఈ ఉపాయం మంచినీటికే చెల్లుతుంది. సముద్రపు నీటిలో, ఉప్పుటేరులో టెరెడో అనే జీవి ఉంటుంది. చూడటానికి పురుగులా ఉన్నా అది ఆల్చిప్పల జాతిది. పైకి చిన్న రంధ్రమే కనిపిస్తుంది కానీ లోపలంతా తొలిచేస్తుంది.

మునిగిన దోనెను ఒక్కసారిగా ఎండబెట్టడమూ ప్రమాదమే. చెక్క కొసల్లో నీరు మధ్య భాగంలో కన్నా చాలా త్వరగా ఆరిపోతుంది. కొసలు ముడుచుకుంటాయి, మధ్య భాగం ముడుచుకోదు, ఆ పెనుగులాటలో బీటలు వస్తాయి. మెండోటా దోనెల చెక్కలోని నీటి స్థానంలో ఒక రసాయనాన్ని ఎక్కించి, ఆ తర్వాతే ఆరబెట్టే పద్ధతి ఎంచుకున్నది అందుకే. మనకు అంత తతంగం అక్కర్లేదు. తడి దోనెను నీడలో, మెల్లగా ఆరనిస్తే చాలు.

గట్టున ఉంచేటప్పుడు బోర్లించాలి. నేలకు ఆనకుండా రెండు అడ్డకర్రల మీద, పక్క అంచులు ఆనేలా పెట్టాలి. ఒక్కో కర్ర మొన నుంచి దోనె పొడవులో సుమారు నాలుగో వంతు లోపలికి ఉంటే నడుము కుంగదు. చెక్కకు అంటుకునేలా ప్లాస్టిక్ పట్టా చుట్టడం మంచిది కాదు. తడి లోపలే ఉండిపోతుంది. పట్టా కప్పక తప్పకపోతే కిందనుంచి గాలి ఆడేలా ఎత్తుగా కట్టండి.

కాచిన అవిసె నూనె పట్టిస్తే తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి. కానీ నూనె పుచ్చుకు మందు కాదు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. దాన్ని విప్పి, ఆరుబయట ఆరేయాలి.

కొల్లేటి తాటి దోనెకూ ఇదే సూత్రం, ఒక తేడాతో. మామూలు మానుకు చేవ నడుమ ఉంటుంది, తాటి మానుకు వెలుపల ఉంటుంది. మెత్తటి లోపలి పీచును తొలిచేస్తే గట్టి పైభాగమే దోనె అవుతుంది. కాబట్టి లోపల మిగిలిన మెత్తని పొరలో తడి నిలవకుండా చూసుకోవడం ముఖ్యం.

వానాకాలం వెళ్లాక మొనల దగ్గర, అడ్డకర్రలు ఆనిన చోట చాకు మొనతో గుచ్చి చూడండి. గట్టిగా తగిలితే ఫర్వాలేదు. మెత్తగా దిగితే రంగు పూసి కప్పేయకండి. ఆ భాగాన్ని గట్టి చెక్క కనిపించేవరకు చెక్కి, పూర్తిగా ఆరాకే అతుకు వేయించండి.