పిల్లి పళ్లు, చిగుళ్లు: సంరక్షణ

పిల్లి తన బాధను దాచుకునే జంతువు. చిగుళ్లు వాచి పన్ను కదులుతున్నా అరవదు. ఆకలి ఉన్నంతకాలం ఏదో విధంగా తింటూనే ఉంటుంది. అందువల్ల ఇంటివారు గమనించేసరికి వ్యాధి ముదిరిపోతుంది.

పిల్లికూనకు 26 పాలపళ్లు వస్తాయి. సుమారు 6 నెలల వయస్సుకు అవి రాలి, 30 శాశ్వత దంతాలు ఏర్పడతాయి. పళ్లపై చేరే మెత్తని పాచిని తొలగించకపోతే అది గారగా గట్టిపడుతుంది. గార అంచున సూక్ష్మజీవులు పెరిగి చిగురు ఎర్రబారుతుంది. క్రమంగా పంటిని పట్టి ఉంచే ఎముక క్షీణిస్తుంది.

లక్షణాలు

నోటి దుర్వాసన, చొంగ కారడం, ఒక వైపునే నమలడం, నోట పెట్టుకున్న ముద్దను జారవిడవడం, పంజాతో ముఖం రుద్దుకోవడం, ఒళ్లు నాకి శుభ్రపరచుకోవడం మానివేయడం. ఒక రోజంతా ఏమీ తినని పిల్లిని వెంటనే పశువైద్యునికి చూపాలి. ఆహారం లేక కొద్ది రోజులు గడిస్తే కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగవచ్చు.

ఇంటి వద్ద

పళ్లు తోమించుకోవడం కూన వయస్సు నుండే అలవాటు చేయాలి. మొదట తడి గుడ్డ చుట్టిన వేలితో, తరువాత మెత్తని చిన్న బ్రష్షుతో పళ్ల వెలుపలి వైపు తోమితే చాలు. పెంపుడు జంతువుల పేస్టునే వాడాలి. మనుషుల పేస్టును పిల్లి ఉమ్మివేయలేదు, మింగుతుంది. చిగుళ్లు ఇప్పటికే పుండ్లు పడి ఉంటే తోమరాదు. మెత్తని ఆహారం పెట్టి వైద్యునికి చూపాలి.

చేయకూడనివి

పంటి నొప్పికి మనం వాడే లవంగ నూనె పిల్లికి విషం. పారాసిటమాల్ ఒక్క మాత్ర సైతం దాని ప్రాణం తీయగలదు.

వైద్యం

గారను మత్తు ఇచ్చి తొలగిస్తారు. పాడైన పళ్లను తీసివేస్తారు. పళ్లు లేని పిల్లి మెత్తని ఆహారంతో హాయిగా జీవిస్తుంది. చెన్నైలో వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆస్పత్రిలో పెంపుడు జంతువులకు చికిత్స లభిస్తుంది. చిగురును తమిళంలో ‘ఈఱు’ అంటారు. తెలుగు ‘ఈరు’తో పొరబడరాదు.

జాగ్రత్త

నొప్పితో ఉన్న పిల్లి కరవవచ్చు. కరిచినచోట సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా విషయం అడగాలి. చొంగ కారుస్తూ వింతగా ప్రవర్తించే వీధి పిల్లి నోటిని ఎన్నడూ తెరవరాదు.