ఇల్లే కార్యాలయమైన నాడు

మాదాపూర్ ఒకనాడు బండరాళ్ల నడుమ ఒదిగి ఉన్న చిన్న గ్రామం. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అక్కడ సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అది మొదలు ఆ బండలు ఒక్కొక్కటే కనుమరుగై, వాటి స్థానంలో అద్దాల మేడలు లేచినవి. మాదాపూర్ నుండి గచ్చిబౌలికి, గచ్చిబౌలి నుండి నానక్‌రాంగూడకు ఆ మేడల వరుస సాగిపోయినది. శ్రీకాకుళం నుండి, గుంటూరు నుండి, కరీంనగర్ నుండి, పాలమూరు నుండి చదువుకొన్న యువతీయువకులు వచ్చి వాటిలో కొలువులు సంపాదించుకొన్నారు. వివాహాలు చేసికొన్నారు. కొండాపూర్, మియాపూర్, కూకట్‌పల్లి ప్రాంతాలలో కాపురాలు పెట్టారు. బిడ్డలను కన్నారు.

భార్యాభర్తలిద్దరూ ఉదయం ఇల్లు విడిచి రాత్రికి గాని తిరిగిరాని ఆ కాపురాలు ఎట్లా సాగినవి? చంటిబిడ్డను చూచుకొనడానికి ఆయా ఉండేది, లేదా వీధి చివర శిశు సంరక్షణ కేంద్రం ఉండేది. కొన్ని ఇండ్లలో అమ్మమ్మయో నాయనమ్మయో తన ఊరిని, తన పెరటిని వదలుకొని వచ్చి, ఏడవ అంతస్తులో మనుమని ఆడించుచూ కూర్చునేది. ఎదిగిన పిల్లలను బడి సాయంకాలం దాకా కాపాడేది. అంట్లు తోమడానికి, వంట చేయడానికి మరొక ఇంటి ఇల్లాలు తన పిల్లలను తన గుడిసెలో వదలిపెట్టి వచ్చేది. అద్దాల మేడకు పునాది ఎంత అవసరమో, ఆ మేడలోని ఉద్యోగాలకు ఈ మనుష్యులు అంత అవసరం. పునాది కంటికి కనబడదు గనుక దాని సంగతి ఎవరూ ఆలోచించలేదు.

అది కదలినది 2020 మార్చిలో.

తెలంగాణలో తొలి కోవిడ్ రోగిని ఆ నెల 2వ తేదీన గుర్తించారు. 4వ తేదీన మైండ్‌స్పేస్ ప్రాంగణంలో ఒక ఉద్యోగికి వ్యాధి సోకినదేమోనన్న అనుమానం పుట్టి, ఒక భవనంలోని వారినందరినీ ఇండ్లకు పంపివేశారు. ఆ అనుమానం నిజం కాదని పరీక్షలో తేలినది. కాని భయం మాత్రం నిలిచిపోయినది. 16వ తేదీ నుండి రాష్ట్రంలో బడులు మూతపడినవి. 22వ తేదీన జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే రాష్ట్రంలో లాక్‌డౌన్, 25వ తేదీ నుండి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చినవి. మెట్రో రైళ్లు ఆగిపోయినవి. పనిమనుషులు అపార్టుమెంటు గేటు దాటి లోపలికి రావడానికి వీలు లేకపోయినది. ఊరినుండి తల్లిదండ్రులను పిలిపించుకొందామంటే దారులు లేవు. దారులున్నా, ఈ వ్యాధి వృద్ధులకే ఎక్కువ ప్రమాదమని వైద్యులు హెచ్చరించుచున్నారు. ఆయా, అమ్మమ్మ, బడి, పనిమనిషి - నాలుగు ఊతలూ ఒక్క పక్షంలో జారిపోయినవి.

పని మాత్రం ఆగలేదు. పూర్వం కాల్ సెంటర్ల వంటి సేవా సంస్థలు ఇంటినుండి పని చేయించుకొనవలెనంటే ధరావతులు, ప్రత్యేక అనుమతులు కావలసి ఉండేవి. కేంద్ర టెలికాం శాఖ మార్చి 13వ తేదీన ఆ నిబంధనలను సడలించినది. నవంబరు 5వ తేదీన ఇంకా సులభం చేసినది. లాప్‌టాప్‌లు ఇండ్లకు తరలినవి. మూడు గదుల ఇంటిలో రెండు కార్యాలయాలు, ఒక బడి, ఒక వంటశాల, ఒక శిశువిహారం వెలసినవి.

ఆ రోజులలో అట్టి ఇంటి దినచర్య ఎట్లుండెడిదో తలచుకొనుట కష్టం కాదు. తొమ్మిది గంటలకు తండ్రి పడకగది తలుపు వేసికొని సమావేశంలో కూర్చుంటాడు. తల్లికి కూడ అదే వేళకు సమావేశం. ఆమెకు దొరికిన స్థలం భోజనాల బల్ల. పెద్దబిడ్డకు ఆన్‌లైన్ తరగతి. మధ్యమధ్య శబ్దం వినరాక "అమ్మా" అని పిలుస్తుంది. చిన్నవాడికి తల్లి ఇంటిలోనే ఉన్నది గాని తనను ఎత్తుకొనుట లేదన్న సంగతి అర్థం కాదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది. అమెరికాలోని ఖాతాదారులకు తెల్లవారు వేళ మనకు సాయంకాలం. కనుక పిల్లలు నిద్రపోయిన తరువాత కూడ పని మిగిలే ఉంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఆ తల్లుల దినంలో నాలుగు కత్తులు ఇమడవలసి వచ్చినది.

ఇమిడినవని లెక్కలు చెప్పినవి. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన అంకెల ప్రకారం 2019-20లో తెలంగాణ ఐటీ ఎగుమతుల విలువ 1,28,807 కోట్ల రూపాయలు. ఆ రంగంలోని ఉద్యోగులు 5,82,126 మంది. మహమ్మారి తాండవించిన 2020-21లో ఎగుమతులు 1,45,522 కోట్లకు, ఉద్యోగుల సంఖ్య 6,28,615కు పెరిగినవి. మరుసటి ఏడు ఎగుమతులు 1,83,569 కోట్లకు చేరినవి. సంపాదన పెరగడం ఎందరికో అన్నం పెట్టిన విషయమే. దానిని తక్కువ చేయరాదు. అయితే వాపును చూచి బలుపనుకొనరాదని కూడ పెద్దలన్నారు. ఆ అంకెలలో విద్యుత్తు ఖర్చు, అద్దె ఖర్చు, జీతాల ఖర్చు లెక్కకు వచ్చినవి. సమావేశానికీ సమావేశానికీ మధ్య బిడ్డకు అన్నం తినిపించిన ఇరవై నిమిషాలు ఏ పద్దులోనూ చేరలేదు.

ఆ నిమిషాలను లెక్కించిన పద్దు ఒకటి వేరుగా ఉన్నది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపినది. జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్నవారు స్త్రీలలో 81.2 శాతం, పురుషులలో 26.1 శాతం. పాల్గొన్న స్త్రీ ఆ పనికి వెచ్చించిన కాలం దినానికి సగటున 299 నిమిషాలు. పాల్గొన్న పురుషుడు వెచ్చించినది 97 నిమిషాలు. మహమ్మారి రాకముందు ఇంటి స్థితి ఇది. ఇంటిపట్టుననే ఉండి, భార్య చాకిరీని కన్నులారా చూచిన తరువాతనైనా పురుషుని చేయి సాగి ఉండవలెను గదా! 2024లో అదే సర్వేను మరల జరిపినప్పుడు స్త్రీ లెక్క 289 నిమిషాలు, పురుషుని లెక్క 88 నిమిషాలు. లాక్‌డౌన్ దినాలలో చీపురు పట్టిన భర్తలు, వంట నేర్చిన తండ్రులు ఉన్నారు. వారిని గూర్చి పత్రికలు ముచ్చటగా వ్రాసినవి కూడ. అయినా దేశం మొత్తం మీద ఆ ముచ్చట అలవాటుగా మారినట్లు అంకెలు చెప్పుట లేదు.

ఉద్యోగం చేసే తల్లిదండ్రులన్నంతనే అద్దాల మేడలోనివారు మాత్రమే మనస్సుకు వస్తారు. వారి ఇంట అంట్లు తోమే స్త్రీ కూడ ఉద్యోగం చేసే తల్లియే. గేటు మూసిన నెలలలో కొందరు యజమానులు ఆమె జీతం ఆపక ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఆమెకు ఇంటినుండి పనిచేసే వీలు ఎక్కడిది? ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు ప్రసారమైనవి. మూడవ తరగతి నుండి పదవ తరగతి వరకు ఆ ఏర్పాటు. టీవీ గాని, ఫోను గాని ఉన్న ఇంటిలో అది అక్కరకు వచ్చినది. ఒక్క ఫోనున్న ఇంటిలో ఆ ఫోను తల్లితోబాటు పనికి పోతే, పాఠం కూడ ఆమె వెంటనే పోయినది.

ఉపాధ్యాయుల సంగతి మరొకటి. ఊరివారి పిల్లలకు తెర మీద పాఠం చెప్పుచున్న పంతులమ్మ పక్కన ఆమె బిడ్డ మరొక తెర ముందు కూర్చుని ఉండేది. ఇంటి పిల్లలను గమనించుచూ బడి పిల్లలను పలుకరించుట, రాత్రివేళ వాట్సాప్‌లో వచ్చిన అభ్యాసాలను దిద్దుట - ఇది ఏ శిక్షణ కళాశాలలోనూ నేర్పని విద్య. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులలో అనేకులకు జీతాలే లేకపోయినవి. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వారికి, బడి సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం చొప్పున సహాయం ప్రకటించినది. చిన్న మొత్తమే అయినా, బడి నడిపేవారికి కూడ సంసారాలున్నవని గుర్తించిన చర్య అది.

పిల్లల కన్నులను, తల్లుల ఓపికను దృష్టిలో ఉంచుకొన్న మరొక మంచి మాట 2020 జూలైలో కేంద్ర విద్యాశాఖ నోట వచ్చినది. 'ప్రజ్ఞత' అనే మార్గదర్శకాలలో ఎనిమిదవ తరగతి వరకు దినానికి రెండు పాఠాలకు మించరాదని, ఒక్కొక్కటి 30 నుండి 45 నిమిషాలు ఉండవలెనని, పై తరగతులకు నాలుగు చాలునని సూచించారు. బడికి పోని పసిపిల్లలకైతే అరగంట లోపే, అదియును తల్లిదండ్రులతో మాటాడుటకే. ఇది చిన్న విషయమనిపించవచ్చును. కాని పసిబిడ్డ ప్రక్కన ఎవరో ఒకరు కూర్చుంటేనే ఆన్‌లైన్ తరగతి సాగుతుంది. బిడ్డకు ఒక గంట తగ్గితే తల్లికి ఒక గంట మిగులుతుంది.

అదే కాలంలో పరదేశాలు చేసిన పనులు కొన్ని చెప్పుకొనదగినవి. బడులు మూసిన ఇటలీ ప్రభుత్వం 2020 మార్చిలోనే, పన్నెండేండ్ల లోపు పిల్లలున్నవారికి సగం జీతంతో 15 దినాల సెలవు గాని, బిడ్డను చూచుకొనే మనిషిని పెట్టుకొనుటకు 600 యూరోల సహాయం గాని ఇచ్చినది. జర్మనీలో బిడ్డకు జబ్బు చేసినప్పుడు తల్లిదండ్రులకిచ్చే వేతనపు సెలవును 2021లో పెంచి, జబ్బు లేకున్నా బడి మూసినప్పుడు వాడుకొనవచ్చునన్నారు. పని వేళ ముగిసిన తరువాత యజమాని ఉద్యోగిని పలుకరించరాదని పోర్చుగల్ 2021లో శాసనం చేసినది. ఈ మూడింటికీ మూలసూత్రం ఒక్కటే: బిడ్డను పెంచుటకు కాలం కావలెను, ఆ కాలాన్ని ఎవరో ఒకరు ఇవ్వవలెను.

మన దేశంలో చట్టం అసలే లేదనరాదు. 2017లో సవరించిన ప్రసూతి చట్టం మొదటి రెండు కాన్పులకు సెలవును 26 వారాలకు పెంచినది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశుగృహం ఏర్పరచవలెనని, తల్లి దినానికి నాలుగు మార్లు వెళ్లి బిడ్డను చూచివచ్చుటకు వీలు కల్పించవలెనని విధించినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను శిశుగృహానికి స్థానం కలిగినది. తండ్రి మాట వచ్చేసరికి మాత్రం చట్టం మౌనం వహించినది. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 దినాల పితృత్వ సెలవున్నది. ప్రైవేటు సంస్థలో అది యజమాని దయ మీద ఆధారపడినది. చట్టమే తండ్రిని లెక్కలోనికి తీసికొనకపోతే, ఇంటిపని లెక్కలో అతని నిమిషాలు ఎట్లా పెరుగుతవి?

కష్టకాలంలో కలసి పనిచేయుట సైబరాబాద్‌కు చేతకాని విద్య కాదు. 2021 జూన్ 6వ తేదీన హైటెక్స్ ప్రాంగణంలో పోలీసులు, ఐటీ సంస్థల భద్రతా మండలి, వైద్యశాల సిబ్బంది కూడి ఒక్కదినంలో వేలాదిమందికి టీకాలు వేయించారు. అంతటి ఏర్పాటు చేయగల ప్రాంతానికి, పేటపేటకూ ఒక మంచి శిశుగృహం నెలకొల్పుట అసాధ్యమా? అందులో ఇంజనీరు బిడ్డతోబాటు ఆ ఇంటి పనిమనిషి బిడ్డకు కూడ చోటు కల్పించుట అసాధ్యమా? సాయంకాలం ఏడింటి నుండి తొమ్మిదింటి దాకా పిల్లలున్న ఉద్యోగిని సమావేశానికి పిలువరాదని సంస్థలు నియమం పెట్టుకొనుటకు రూపాయి ఖర్చు కూడ లేదు.

2021 సెప్టెంబరు 1వ తేదీన బడులు తెరచుకొన్నవి. 2022 జనవరిలో మరల మూతపడి, ఫిబ్రవరి 1వ తేదీన తిరిగి తెరచుకొన్నవి. క్రమక్రమంగా సంస్థలు ఉద్యోగులను వెనుకకు పిలిచినవి. గచ్చిబౌలి దారులు మునుపటివలె వాహనాలతో నిండినవి. ఆయాలు వచ్చారు, అమ్మమ్మలు వచ్చారు. పునాది మరల మట్టిలో మరుగుపడినది.

బడి తెరచిన తొలినాళ్లలో ఉపాధ్యాయులు ఒక వింత గమనించారు. ఆరేడేండ్ల పిల్లలు కొందరు పంతులమ్మ దగ్గరకు వచ్చి, మాట్లాడుటకు ముందు ఒక్క క్షణం ఆగి, ఆమె తీరికగా ఉన్నదో లేదో ముఖంలోనికి చూచేవారు. రెండేండ్లపాటు ఇంటిలో తలుపుల దగ్గర నిలిచి నేర్చుకొన్న మర్యాద అది. ఆ బిడ్డలు ఎవరినీ నిందించలేదు. అమ్మకు పని ఉన్నదని వారు అర్థం చేసికొన్నారు. అమ్మకు బిడ్డ ఉన్నదని అర్థం చేసికొనవలసినవారు ఇంకను మిగిలి ఉన్నారు.