నిమిషపు చదరంగానికి చేతివేగం చాలదు

చదరంగం ఒకప్పుడు తీరికగా సాగే ఆట. అరుగు మీద పావులు పేర్చితే పొద్దుగూకే వరకు నడిచేది. ఇప్పుడు అదే ఆట సెల్‌ఫోన్ తెరపై నిమిషాల్లో ముగుస్తున్నది. సరిహద్దు గ్రామాల పిల్లలు సైతం ముఖమెరుగని ప్రత్యర్థులతో రాత్రి పొద్దుపోయే వరకు ఆడుతున్నారు. అయినా వందల ఆటల తరువాత కూడా రేటింగు పెరగక నిరాశపడేవారు ఎందరో. వీరిలో చాలామందికి కొరవడినది చేతివేగం కాదు. చూడగానే గుర్తుకు రావలసిన ఎత్తుల పరిచయం.

గడియారపు లెక్క

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నిబంధనల మేరకు ఒక్కొక్కరికి పది నిమిషాలు లేదా అంతకు తక్కువ సమయముండే ఆట బ్లిట్జ్. ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల లోపు ఆటను బుల్లెట్ అంటారు. ఒక్క నిమిషంలో నలభై ఎత్తులు వేయాలంటే ఎత్తుకు దక్కేది ఒకటిన్నర సెకను. మూడు నిమిషాలకు తోడు ప్రతి ఎత్తుకు రెండు సెకన్లు కలిసే '3+2' పద్ధతిలో అవే నలభై ఎత్తులకు 260 సెకన్లు, అనగా ఎత్తుకు ఆరున్నర సెకన్లు లభిస్తాయి. ప్రపంచ బ్లిట్జ్ పోటీలు జరిగేదీ ఈ పద్ధతిలోనే. సిగ్నల్ నిలకడగా లేని పల్లెల్లో ఉండే అభ్యాసకులకు ఇదే మేలు.

కన్ను నేర్చే విద్య

1973లో అమెరికా పరిశోధకులు విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. నిజమైన ఆటలోని పావుల అమరికను ఐదు సెకన్లు చూపి, తిరిగి పేర్చమన్నారు. ఆరితేరిన ఆటగాడు కొత్తవాని కంటే ఎన్నో ఎక్కువ పావులను సరిగా పేర్చాడు. పావులను అడ్డదిడ్డంగా ఉంచి చూపినప్పుడు ఆ తేడా దాదాపు మాయమైంది. నిపుణునిది అసాధారణ జ్ఞాపకశక్తి కాదనీ, ఆటలో తరచు ఎదురయ్యే అమరికలతో అతనికి చిరపరిచయం ఉన్నదనీ దీనివల్ల తేలింది. ఆ పరిచయం నిదానంగా ఆలోచించి ఆడిన ఆటల్లోనే కుదురుతుంది.

సాధన ఎలా?

తెల్లపావులతో ఒక ప్రారంభం, నల్లపావులతో రెండు ప్రారంభాలు చాలు. వాటినే నెలల తరబడి ఆడాలి. తొలి పది ఎత్తులకు ఆలోచన అవసరం లేకపోతే ఆ సమయం నడిమి ఆటకు మిగులుతుంది.

గుర్రం ఒకేసారి రాజును, మంత్రిని బెదిరించడం. రాజుకు అడ్డుగా ఉన్న పావు కదలలేకపోవడం. సొంత బంట్ల వెనుక చిక్కిన రాజుకు చివరి వరుసలో ఏనుగుతో ఆటకట్టు కావడం వంటి చిక్కుప్రశ్నలను రోజూ అరగంట సాధించాలి. లిచెస్‌లో ఇవి ఉచితంగా లభిస్తాయి.

ముగింపును కూడా చేతికి అలవాటు చేసుకోవాలి. ఒంటరి రాజును మంత్రితో పది ఎత్తులలోపు, ఏనుగుతో పదహారు ఎత్తులలోపు కట్టవచ్చు. ఇది రానివారు గెలిచిన ఆటలోనూ సమయం చెల్లిపోయి ఓడుతుంటారు. ఎదుట మిగిలినది ఒంటరి రాజే అయితే సమయం చెల్లినా ఆట డ్రా అవుతుంది. అంటే చేతికందిన విజయం జారిపోయినట్లే.

ప్రత్యర్థి వంతులోనే తదుపరి ఎత్తును సిద్ధంచేసే 'ప్రీమూవ్'ను ఆచితూచి వాడాలి. మన పావును తీసిన పావును తిరిగి తీయడానికి అది చాలావరకు క్షేమం. ప్రత్యర్థి తీయకపోతే ఆ ఎత్తు దానంతటదే రద్దవుతుంది. అలవాటుకొద్దీ ప్రారంభ ఎత్తులను ముందే పెట్టేవారి శకటునో, మంత్రినో ప్రత్యర్థి ఊరికే కాజేయగలడు.

ఓటమి తరువాత

ఓడిన వెంటనే మరో ఆట మొదలుపెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఏ ఎత్తు వద్ద ఆట చేజారిందో చూసుకోవాలి. వరుసగా మూడు ఆటలు ఓడితే ఆ పూటకు విరమించాలి. కంప్యూటర్ సాయంతో ఎత్తులు వేస్తే ఖాతా మూతపడుతుంది. తల్లిదండ్రులు ఫోన్ లాక్కోవడం కంటే ఒక నియమం పెట్టడం మంచిది: ముందు చిక్కుప్రశ్నలు, ఆపై పదిహేను నిమిషాల ఆట ఒకటి, చివరగా నాలుగైదు వేగపు ఆటలు.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో సుదీర్ఘ ఆటలలో ప్రతిభ చూపి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఆ తరువాతే 2019, 2024లలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్లు, 2022లో ప్రపంచ బ్లిట్జ్ రజతం ఆమెను వరించాయి. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024లో సింగపూర్‌లో ప్రపంచ విజేతగా నిలిచినదీ గంటల తరబడి సాగే ఆటలోనే. నిదానంగా ఆడి నేర్చినదే నిమిషపు ఆటలోనూ ఆదుకుంటుంది.