ఆడపిల్ల వాటా అడిగితే భక్తి తక్కువైనట్టా?

క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, భూస్థాపన అయిన కొద్దిరోజులకి ఆ ఇంట్లో ఆదరణ కూటమి అని పెడతారు. బంధువులూ సంఘస్థులూ కూడతారు. పాటలు పాడతారు, వాక్యం చదువుతారు, పోయినవారి గురించి నలుగురూ నాలుగు మంచి మాటలు చెబుతారు. తర్వాత భోజనాలు. దుఃఖంలో ఉన్నవాళ్లని ఒంటరిగా వదలకూడదని పెట్టుకున్న మంచి ఆచారమిది. అయితే భోజనాలయ్యాక, బయట షామియానా విప్పుతుండగా, లోపలి గదిలో ఇంకో కూటమి జరుగుతుంది. దానికి పాటలుండవు. అన్నదమ్ములు, పెద్ద బావగారు, ఒక సంఘ పెద్ద, మంచం మీద స్టాంపు కాగితాలు. ఆడపిల్లని పిలుస్తారు. "అమ్మగారూ, మీరూ ఒక మాట చెప్పండి" అని నన్నూ పిలుస్తారు.

నేను సి.ఎస్.ఐ. సంఘంలో పాస్టరుని. ఇరవయ్యేళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి. ఆడవాళ్లు పాస్టర్లుగా ఉండటం ఇప్పటికీ చాలామందికి వింతే. 2013లో రెవరెండ్ ఇ. పుష్పలలిత గారు నంద్యాల డయాసిస్‌కి బిషప్ అయ్యారు. మా సంఘంలో మొదటి మహిళా బిషప్ ఆవిడే. అయినా నేను కొత్త ఊరికి బదిలీ అయి వెళ్లినప్పుడల్లా మొదటి నెలంతా "వందనాలయ్యగారూ" అని మావారికే దణ్ణాలు పెడతారు. ఆయన లెక్కల మాస్టారు. "పాస్టరు నేను కాదండీ, వంటింట్లో ఉన్న ఆవిడ" అని చెప్పలేక ఆయన అవస్థ చూడాలి.

సరే, ఆ లోపలి గది సంగతి. నన్ను చెప్పమనే మాట ఏమిటో నాకు ఇప్పటికి బట్టీ వచ్చేసింది. "ఆస్తి అశాశ్వతం తల్లీ, అన్నదమ్ముల ప్రేమ శాశ్వతం. సంతకం పెట్టెయ్." ఇదీ ఆ మాట. ఇందులో తప్పేముంది, మంచి మాటే కదా అనిపిస్తుంది. నాకొచ్చిన సందేహం ఒక్కటే. ఆస్తి అశాశ్వతమన్న సంగతి అన్నయ్యకి చెప్పమని ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. ఎప్పుడూ చెల్లెలికే చెప్పమంటారు.

నేనా మాట చెప్పను. ఎందుకు చెప్పనో మీకు చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

వందేళ్ల నాటి హక్కు

మన హిందూ అక్కచెల్లెళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. మరి క్రైస్తవ ఆడపిల్లకి? 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్టులోనే ఉంది. వీలునామా రాయకుండా తండ్రి పోతే, భార్యకి మూడో వంతు, మిగిలిన రెండు వంతులూ పిల్లలకి సమానంగా. కొడుకా కూతురా అన్న తేడా లేదు. పెళ్లయిందా కాలేదా అన్న ప్రశ్న అసలే లేదు. మా సంఘాల్లో చదువుకున్న ఆడవాళ్లకి కూడా ఈ సంగతి తెలియదు. పిల్లలకి లెక్కలు చెప్పే టీచరమ్మ ఒకావిడ, "మనకి కూడా ఉందా అండీ?" అని నన్నడిగింది!

కేరళలో ఈ హక్కు కోసం ఒక స్త్రీ సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. పేరు మేరీ రాయ్. అక్కడ తిరువాంకూరు క్రైస్తవులకి 1916 నాటి వేరే చట్టముండేది. కొడుకు వాటాలో నాలుగో వంతుగానీ, అయిదు వేల రూపాయలుగానీ, ఏది తక్కువైతే అది కూతురికి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. ఏది ఎక్కువైతే అది కాదు సుమండీ, ఏది తక్కువైతే అది. ఆ చట్టం చెల్లదు, 1925 చట్టమే వర్తిస్తుందని 1986లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడి సంఘ పెద్దల్లో చాలామందికి అది రుచించలేదు. మేరీ రాయ్ గారు 2022లో పోయారు. మన తెలుగు ప్రాంతాల్లో అలాంటి పోరాటం అవసరం కాలేదు, హక్కు చట్టంలోనే ఉంది. ఉన్నదాన్ని అడక్కుండా చేసే పని మాత్రం ఇళ్లలోనే, ప్రార్థనల మధ్యే జరిగిపోతోంది.

ఇక "కట్నం ఇచ్చాం కదండీ" అనే మాట. 1961 నుంచి కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే, అది క్రైస్తవులకీ వర్తిస్తుంది. మూడు ఆదివారాలు గుళ్లో పెళ్లి ప్రకటన చదువుతాం. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటాం. కట్నం గురించి ఏ ఆదివారమూ ఎవరూ లేచి చెప్పరు. పెళ్లయిన పాతికేళ్ల తర్వాత, తండ్రి పోయిన పదో రోజున మాత్రం ఆ లెక్క పైసలతో సహా గుర్తొస్తుంది. ఆ డబ్బు వెళ్లింది ఎవరి చేతికి? పిల్ల చేతికి కాదు, అత్తమామల చేతికి. పోనీ లెక్క వేద్దామంటే అన్నయ్య ఇంజనీరింగు ఫీజు, తమ్ముడి దుకాణానికి పెట్టిన పెట్టుబడి కూడా అదే కాగితం మీద వేయాలి కదా! అది చదువు, ఇది బాధ్యత, అది మాత్రం వాటా అంటే ఎలా?

వాక్యం ఎవరి పక్షం?

చట్టం మాట ఎత్తగానే "అమ్మగారూ, మనం లోకస్థుల్లా కోర్టులంటూ తిరగొచ్చా? ప్రభువే ఆస్తి పంచను పొమ్మన్నాడు" అంటారు. లూకా సువార్త 12వ అధ్యాయంలోని సంగతి అది. ఒకాయన యేసు దగ్గరికొచ్చి, మా అన్న నాకు వాటా పంచేలా చెప్పమంటాడు. మీ మీద పంపకాలు చేసేవాడిగా నన్ను ఎవరు పెట్టారని ప్రభువు అడుగుతాడు. నిజమే. కానీ అక్కడితో పుస్తకం మూసేస్తారు. తర్వాతి మాట లోభం గురించి జాగ్రత్తపడమని. ఆ వెంటనే కొట్లు కూల్చి పెద్దవి కట్టుకుందామనుకున్న ధనవంతుడి కథ. లోభమనేది అడిగేవాడికే ఉంటుందా? పట్టుకుని కూర్చున్నవాడికి ఉండదా? ఆ కథలో ధనవంతుడు ఎవరినీ ఏమీ అడగలేదు. తనదగ్గరున్నది దాచుకున్నాడంతే.

మా స్త్రీల సమాజంలో ఒకసారి సంఖ్యాకాండం 27వ అధ్యాయం చదివించాను. సెలోపెహాదు అనే ఆయనకి అయిదుగురు ఆడపిల్లలు, మగపిల్లలు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి అరణ్యంలో చనిపోయాడు. ఈ అయిదుగురూ మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దలందరి ముందు నిలబడి, మా నాన్న వాటా మాకిమ్మని అడిగారు. మోషే తనంతట తాను తేల్చలేక దేవుణ్ణి అడిగాడు. ఆ పిల్లలు అడిగింది న్యాయమని జవాబొచ్చింది. ఇంకో విశేషం, వాళ్లు నోరు విప్పి అడిగాకే ఆ నియమం వచ్చింది. ఊరుకుని ఉంటే వచ్చేది కాదేమో.

అంతా విన్నాక వెనకవరుసలోంచి ఒక మామ్మగారు చెయ్యెత్తారు. ఆవిడ చదువుకున్నది మూడో తరగతే. బైబిలు మాత్రం కంఠతా. "అమ్మగారూ, వాళ్లకి అన్నదమ్ములు లేరుగా? ఉంటే ఇచ్చేవారా?" అన్నారు.

నిజం చెప్పాలి కదా, ఇచ్చేవారు కాదు. ఆ నియమం మగపిల్లలు లేని ఇంటికే. పైగా అదే గ్రంథం 36వ అధ్యాయంలో పెద్దలు మళ్లీ వచ్చి మెలిక పెట్టారు. ఈ పిల్లలు వేరే గోత్రంలోకి పెళ్లి చేసుకుంటే భూమి పోతుందన్నారు, దాంతో సొంత గోత్రంలోనే చేసుకోవాలన్న నియమం వచ్చింది. అప్పుడూ ఇప్పుడూ పెద్దల దిగులు ఒకటే చూడండి! ఆ సంగతి మామ్మగారికి దాచకుండా చెప్పి, యోబు గ్రంథం చివరి అధ్యాయం తీయించాను. కష్టాలన్నీ తీరాక యోబుకి మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు పుట్టారు. ఆ ముగ్గురికీ అన్నదమ్ములతో పాటు ఆస్తి పంచాడాయన. అన్నదమ్ములుండగానే! కూతుళ్ల పేర్లు కూడా ఉన్నాయక్కడ, యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. కొడుకుల పేర్లు రాయలేదు. మామ్మగారు కళ్లజోడు సవరించుకుని ఆ వచనం రెండుసార్లు చదువుకున్నారు. "ఇన్నేళ్లూ యోబు గారి కురుపుల గురించే చెప్పారు గానీ, ఇది ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఆ రోజు స్త్రీల సమాజం నవ్వులతో ముగిసింది.

ఆ గదిలో జరిగింది

ఒకింట్లో పోయినాయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి. చిన్న మేడ, బ్యాంకులో కొంత డబ్బు. ఇద్దరు కొడుకులు, మధ్యలో ఆడపిల్ల. వీలునామా లేదు. పెద్దబ్బాయి నన్ను పక్కకి పిలిచి ఎప్పటి మాటే చెప్పమన్నాడు. "బాబూ, ఆ మాట చెప్పను గానీ, లెక్క చెబుతాను" అన్నాను. ఆస్తిని తొమ్మిది భాగాలు చేస్తే అమ్మకి మూడు, పిల్లలు ముగ్గురికీ తలా రెండు. అంతే. అక్కడున్నవాళ్లు చెల్లెలి రెండు భాగాల గురించి పోట్లాడుకోవడానికి సిద్ధపడి వచ్చారు గానీ, అమ్మకి మూడు భాగాలున్నాయన్న సంగతి ఎవరి బుర్రలోనూ లేదు. "అమ్మకి వాటా ఎందుకండీ, మేం చూసుకోమా?" అన్నాడతను. మనసులో కల్మషం లేకుండానే అన్నాడు. అప్పటిదాకా చీర కొంగు మడతలు పెట్టుకుంటూ కూచున్న ఆ తల్లి తలెత్తి, "నా మందులకి నెలనెలా నిన్నడగాలా నాయనా?" అంది. గొంతు పెంచలేదు. ఆ రోజు ఎవరూ సంతకాలు పెట్టలేదు. కొన్ని నెలలకి వకీలు దగ్గర కూర్చుని తేల్చుకున్నారు. అమ్మ ఉన్నంతకాలం ఇల్లు ముట్టుకోకూడదనీ, ఆడపిల్లకి బ్యాంకు డబ్బులోంచి కొంత ఇప్పుడే ఇవ్వాలనీ. పూర్తి వాటా ఆమెకి రాలేదు, తెలిసే ఒప్పుకుంది. తెలిసి వదులుకోవడం వేరు, తెలియకుండా పోగొట్టుకోవడం వేరు.

అన్ని ఇళ్లూ ఇలా సర్దుకోవు. ఇంకో కుటుంబంలో అమ్మాయి సంతకం పెట్టనంది, కోర్టుకెళ్లింది, గెలిచింది. ఆరేళ్లుగా అన్న గుళ్లో కుడివైపు బెంచీలో, చెల్లెలు ఎడమవైపు బెంచీలో. సంస్కారం తీసుకోవడానికి ఇద్దరూ ఒక వరుసలో మోకాళ్లూనరు. ఒకరు లేచి వెళ్లాకగానీ రెండోవారు రారు. గిన్నె పట్టుకుని నిలబడ్డ నాకు ఆ రెండు నిమిషాలు ఎంత బరువో చెప్పలేను. "చూశారా, వాటా అడిగితే ఇలాగే అవుతుంది" అని కొందరంటారు. బంధం తెగింది వాటా అడిగినందుకా, ఇవ్వనన్నందుకా? నేనైతే రెండోదే అంటాను. ఇద్దరిళ్లకీ వెళ్తాను, ఇద్దరికోసమూ ప్రార్థన చేస్తాను. ఆమెని తగ్గమని మాత్రం అడగను.

అన్నదమ్ముల పక్షాన కూడా ఒక న్యాయముంది, దాన్ని కొట్టిపారేయను. మంచాన పడ్డ తండ్రిని పదేళ్లు చూసిన కొడుకుకీ, ఏడాదికోసారి పండక్కి వచ్చిన కూతురికీ సమానంగానా అంటే, ఆలోచించాల్సిన మాటే. ఆ కష్టానికి లెక్క కట్టి అందరి ముందూ చెప్పి తీసుకోవచ్చు, తప్పులేదు. కాకపోతే ఒక్కసారి ఆ ఇంట్లోకి తొంగి చూడండి. ఆ పదేళ్లూ పక్కబట్టలు మార్చిందెవరు? చాలా ఇళ్లలో కొడుకు కాదు, కోడలు. ఆ కోడలే ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఆడపడుచుకి వాటా వద్దంటోంది. పాపం, ఆవిడకి పుట్టింట్లో ఏమిచ్చారో అడిగితే కళ్లనీళ్లే. వదినా ఆడపడుచులిద్దరికీ వాళ్ల వాళ్ల పుట్టింట్లో న్యాయం జరిగి ఉంటే ఈ గుమ్మం దగ్గర ఇంత రద్దీ ఉండదు.

అసలు తండ్రులే బతికుండగా వీలునామా రాసిపెడితే సగం గొడవలుండవు. రాసినాయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. మావాళ్లకి వీలునామా అంటే చావుని పిలిచినట్టు భయం. పునరుత్థానం ఉందని ప్రతి ఆదివారం ఒప్పుకునేవాళ్లకి ఇంత భయమేమిటో! అలాగే, ఆదరణ కూటమి రోజున హడావిడిగా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఇల్లూ పొలాల మీద హక్కు వదులుకోవడమంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లి రిజిస్టరు చేయించవలసిన దస్తావేజు. అంతదాకా టైముంది, చదివించుకోవచ్చు, ఓ వకీలుని అడగొచ్చు. తహసీల్దారు ఆఫీసులో తీసుకునే కుటుంబసభ్యుల సర్టిఫికెట్లో మీ పేరుందో లేదో కూడా చూసుకోండి. మరచిపోయి వదిలేశామంటారు. మరచిపోయేది ఎప్పుడూ ఆడపిల్ల పేరే.

ఈ మధ్య ఒక పెద్దావిడ పార్సనేజీకి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. తమ్ముడు తీయించిన సర్టిఫికెట్లో ఆమె పేరు లేదట. పుట్టిన తేదీ కాగితం లేదు, బడికి వెళ్లలేదు, ఆ తండ్రికి కూతురని చూపించడానికి చేతిలో ఏ ఆధారమూ లేదు. "చిన్నప్పుడు ఈ గుళ్లోనే బాప్తిస్మం ఇప్పించారని అమ్మ చెప్పేదండీ" అంది. బీరువా పైఅరలోంచి పాత రిజిస్టర్లు దింపాం. అంచులు చెదలు తిన్నాయి, పేజీలు అప్పడాల్లా విరుగుతున్నాయి. సంవత్సరం సరిగ్గా తెలియక ముందు నాలుగేళ్లు, వెనక నాలుగేళ్లు వెతికాం. దొరికింది. నీలం సిరాతో ఆమె పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఇచ్చిన పాస్టరు గారి సంతకం. ఆమెకి చదవడం రాదు. నా వేలు పట్టుకుని ఆ గీత మీద పెట్టించి, "ఇదేనా మా నాన్న పేరు?" అని అడిగింది. అవునన్నాను. నకలు రాసి, సంఘం ముద్ర వేసి ఇచ్చాను. ఇంకో నకలు కూడా కావాలంది, ఒకటి తమ్ముడి చేతికిస్తుందట.