చార్మినారు చెంత చక్రాలు ఆగిన సాయంత్రం

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారును నాలుగు వీధులు కలిసే చోట కట్టించాడు. దిక్కుకొక కమాను, ఎటు నుండి వచ్చిన బాటసారికైనా స్వాగతమే. అటువంటి కట్టడం చుట్టూ ఎన్నో దశాబ్దాలు మోటారు వాహనాలు గిరగిర తిరిగాయి. తలయెత్తి మినారును చూచే తీరిక పాదచారికి ఎక్కడిది?

2021 అక్టోబరు 17, ఆదివారం నాడు ఆ తీరిక లభించింది. ఆ ఆగస్టులో ట్యాంక్‌బండ్‌పై మొదలైన వాహనరహిత ఆదివారపు వేడుక పాతబస్తీకీ తరలివచ్చింది. పోలీసు బ్యాండు మ్రోగింది. దక్కనీ హాస్య ముషాయిరా నడచింది. (తెలుగు మాటలు కలిసిన ఆ దక్కనీకి నవ్వడానికి మనకు దుబాసీ అక్కరలేదు!) లాడ్ బజారులో లక్క గాజుల బేరాలు రాత్రి ప్రొద్దుపోయేదాకా సాగాయి. వాహనం రాకపోతే బేరం రాదన్న వర్తకుల భయానికి అదొక జవాబు.

ఇది కేవలం వినోదం కాదు. 2019 మే నెలలో ఒక మినారు నుండి గచ్చు పెళ్ళ ఊడిపడింది. కారణం ఏదైనా, పొగలూ అదురులూ సున్నపు కట్టడానికి హితవు కావు.

చార్మినారు నాలుగు ముఖాలకు నాలుగు గడియారాలున్నాయి. అన్నిటినీ చూడాలంటే కట్టడం చుట్టూ కాలినడకన తిరగవలసిందే. ఆ సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని నిర్భయంగా తిరిగే వీలు కలిగింది.